అనిత రీడింగు

12 జూన్ 2000, సోమవారం

కాలేజీ తెరిచారు. మొదటి పీరియడ్ బెల్లు కొట్టకముందే కరస్పాండెంటు అచ్యుతరావు గారు పిలిచారు. ఆయన "కూర్చోండి" అన్నారంటే వినకూడనిదేదో వినబోతున్నామని ఈ పద్దెనిమిదేళ్లలో నాకు తెలిసింది.

"అరుణాదేవి గారూ, మూడో అంతస్తు ఆగస్టు ఒకటి నుంచి కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లకి ఇస్తున్నాం."

"మరి కెమిస్ట్రీ ల్యాబు?"

"సైన్సు గ్రూపుల్లో ఈ ఏడు కొత్త అడ్మిషన్లు లేవు కదండీ. సెకండియర్ వాళ్ల ప్రాక్టికల్స్ ఇంకో బ్రాంచిలో చేయిద్దాం. మీరు సామాను లిస్టు ఒకటి రాయండి. పనికిరానివి తీసేద్దాం." మళ్లీ ఆయనే, "చాలావరకు పనికిరానివేలెండి" అన్నారు.

సరేనని వచ్చేశాను. ల్యాబు కిటికీలోంచి ఎదుటి మేడ కనిపించదు. దాని నిండా బోర్డులే. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్. మెట్ల మీద కూడా కుర్రాళ్లు నిలబడి నోట్సు తిరగేస్తున్నారు. వాళ్లకీ చోటు కావాలి కదా.

నాకేమీ బాధగా లేదు.

13 జూన్

బాధగా లేదు. బ్యూరెట్లు లెక్కపెట్టాను. ముప్పై ఆరు.

15 జూన్, గురువారం

అటెండరు ఓదెలు గాజుసామాను తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు.

"మేడం, ఒక మాటంటే ఏమనుకోరు గదా?"

"చెప్పు."

"మా పంజాగుట్ట బస్తీల సర్కారు బడి ఉన్నది. గా పిల్లలు పదోతరగతికొచ్చిన్రు గని టెస్టు ట్యూబ్ ఎట్లుంటదో ఎరగరు. బుక్కుల బొమ్మ చూస్తరు, గంతే. జూలై దాంక ల్యాబు ఉంటది గదా? ఆయితారం ఆయితారం తోల్కొస్త. జర చూపియ్యుర్రి."

వెంటనే అచ్యుతరావు గారి దగ్గరికి వెళ్లి అడిగాను. ఫోనులో ఉన్నారు. చేత్తో మూసి, "మీ ఇష్టమండీ, తలుపులు జాగ్రత్త" అన్నారు. అది అనుమతే.

18 జూన్, ఆదివారం

పదకొండు మంది వచ్చారు. ముందు బెంచీ మీద చోటు కోసం తోసుకున్నారు! మా కాలేజీ పిల్లలు వెనక బెంచీ కోసం తోసుకుంటారు.

లిట్మస్ కాగితం ఎర్రబడితే ఒకడు కేక వేశాడు. ఆమ్లం, క్షారం, ఒకదాన్నొకటి తటస్థం చేయడం, ఆ క్షణంలో రంగు మారడం అంతా చూపించాను. భూలక్ష్మి అనే అమ్మాయి చుక్క చుక్కగా ఆమ్లం వదిలే బ్యూరెట్‌ను నా చేతిలోంచి దాదాపు లాగేసుకుంది.

ఆ అమ్మాయి తనతో పాటు స్నేహితురాలిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. పేరు అనిత. కళ్లు కనిపించవు. ఐదో ఏట జ్వరమొచ్చి పోయాయట. ఇద్దరూ ఒకే తరగతి. అనితను చివర స్టూలు మీద కూర్చోబెట్టాను. బుద్ధిగా వింది. ఆ అమ్మాయికి అది చాలు.

25 జూన్, ఆదివారం

తరగతి బాగా జరిగింది. రాయడానికి ప్రత్యేకంగా ఏమీ లేదు.

26 జూన్, సోమవారం

నిన్న అబద్ధం రాశాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసే మనిషినని తెలిసింది. ఇప్పుడు జరిగింది రాస్తాను.

నిన్న అనిత అడిగింది, "మేడం, నాకు సుత ఏమన్న చూపియ్యిర్రి" అని. చూపించడం అంటే ఆ అమ్మాయికి ముట్టించడం. సరే, బెంచీ మీద ఏమేం ఉన్నాయో తడిమి తెలుసుకో అన్నాను. అని, వెనక్కి తిరిగి మిగతావాళ్లకి బోర్డు మీద రాస్తున్నాను. బర్నరు అప్పుడే ఆర్పాం. దాని మీద ఇనుప ముక్కాలిపీట ఇంకా మంటలా ఉంది. అది నాకు తెలుసు. తెలిసి తడమమన్నాను.

అరవలేదు ఆ పిల్ల. "అమ్మా" అని మెల్లగా అంది. కుడిచేతి నాలుగు వేళ్లూ. ఓదెలు పరుగెత్తి చేతిని కుళాయి కింద పెట్టాడు. ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. బొబ్బలు, రెండు వారాల్లో మానుతాయన్నాడు. దారంతా అనిత నన్నే ఓదార్చింది, "మా అమ్మ నూనె మూకుడు తోని గింతకన్న ఎక్కువనే కాలింది మేడం" అంటూ.

బాగా జరిగిందని రాశాను నేను.

27 జూన్

అనిత నాన్న మల్లయ్య దర్జీ. బస్తీ సందు మొదట్లో, హాస్టలు మెట్ల కింద మిషను. ఇంటర్వ్యూలకు వెళ్లే కుర్రాళ్ల ప్యాంట్లు పొడుగు తగ్గిస్తుంటాడు. నేను వెళ్లినా మిషను ఆపలేదు. చెప్పవలసింది చెప్పాను. తప్పు నాదే అన్నాను.

గుడ్డ చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తల ఎత్తాడు.

"మేడం, నా బిడ్డకు చేతులే కండ్లు. మీరు గా చేతులే కాలవెడ్తిరి."

ఇంకో ప్యాంటు తీసి మిషను కింద పెట్టాడు.

"ఇగ పంపను. మీరు పోయి రాండ్రి."

2 జూలై, ఆదివారం

పది మంది వచ్చారు. అనిత రాలేదు. మంచిదే. బాధ్యత తగ్గింది.

చివరి స్టూలు ఎవరూ జరపలేదు.

4 జూలై, మంగళవారం

సాయంత్రం ల్యాబు తాళం వేస్తుంటే భూలక్ష్మి, అనిత మెట్లెక్కి వచ్చారు. అనిత చేతికి కట్టు.

"మీ నాన్నకు తెలుసా?"

"అమ్మకు చెప్పిన. మేడం, ఒకటి అడిగి పోతం. మీరు చెప్పిన్రు గదా, క్షారంల ఆమ్లం పోస్తాంటే ఒక్క చుక్కకు రంగు మారుతదని. రంగు నాకు కనవడది. వాసన మారేది ఏమన్న లేదా?"

"లేదమ్మా" అన్నాను. ఆలోచించకుండానే.

"ఉల్లిగడ్డ మారుతది మేడం."

వాళ్లమ్మకు మిర్చిబజ్జీల బండి ఉంది. రోజూ ఉల్లిపాయలు తరిగేది అనితే. "చేతులు వాసనొస్తయని చాకలిసోడ నీళ్లల్ల ముంచుత. వాసన పోతది. పోయిందనుకుంటనా? మల్ల నిమ్మకాయ పిండినంక చూస్తే ఉంటది. సోడ క్షారం, నిమ్మకాయ ఆమ్లం అని మీరే చెప్పిన్రు. మరి పోయిన వాసన యాడ దాచుకుంది మేడం?"

నవ్వాను. ల్యాబులో ఉల్లిపాయలేమిటి, చెయ్యి మానాక మాట్లాడదాం అని పంపేశాను. భూలక్ష్మి కోపంగా చూసింది. అనితకు నా నవ్వు వినిపించింది.

5 జూలై, బుధవారం

టిఫిను డబ్బాలో ఉల్లిపాయ తీసుకెళ్లాను.

సన్నగా తరిగి, పలచని సోడియం హైడ్రాక్సైడులో వేసి వడగట్టాను. వాసన చూశాను. ఘాటు తగ్గి, ఏదీ కానట్టుంది. బ్యూరెట్‌లోంచి ఆమ్లం చుక్క చుక్కగా వదిలాను. ఏమీ లేదు. ఏమీ లేదు. ఉన్నట్టుండి వంటిల్లు వచ్చి ముఖానికి తగిలింది. మళ్లీ చేశాను. ఈసారి పక్క ఫ్లాస్కులో, క్షారంలో గులాబీగా మారే ఫినాఫ్తలీన్ వేసుకుని పోల్చాను. గులాబీ రంగు పోయే చోటికి దగ్గరలోనే వాసన వచ్చింది. మూడోసారి ఓదెలును కళ్లు మూసుకోమని ఫ్లాస్కు ముక్కు దగ్గర పెట్టాను.

"ఇప్పుడు?"

"ఏం లేదు."

"ఇప్పుడు?"

"అబ్బ! మిర్చిబజ్జి!"

ఇరవై ఏడేళ్ల క్రితం ఎమ్మెస్సీ చదివాను. రోజూ ఉల్లిపాయలు తరుగుతాను. ఈ రెండూ ఒకే మనిషి చేస్తోందని ఎప్పుడూ తట్టలేదు.

7 జూలై

కొలత ఎలా అన్నది మిగిలింది. బ్యూరెట్ మీది గీతలు వేలికి తగలవు. ఓదెలే దారి చూపించాడు. పెద్ద ప్లాస్టిక్ సిరంజి తెచ్చి, నొక్కే పుల్ల మీద రంపపు బ్లేడుతో గాట్లు పెట్టాడు. లోతైన గాటు ఒక మిల్లీలీటరు, సన్నది అర. గోరుతో లెక్కపెట్టుకుంటూ నొక్కవచ్చు. నేను నీళ్లు తూచి సరిచూశాను. నాలుగు సిరంజిలు పాడుచేసి అయిదోది కుదిర్చాడు.

8 జూలై, శనివారం

మళ్లీ మల్లయ్య దగ్గరికి వెళ్లాను. ఉల్లిపాయ సంగతి, సిరంజి సంగతి చెప్పాను. సిరంజి తీసుకుని గాట్ల మీద బొటనవేలు నడిపించాడు. టేపు వాడే వేళ్లు అవి. తల ఊపాడు.

"మల్ల కాలదని రాసిస్తరా మేడం?"

రాసిస్తానని అనబోయాను. అనలేదు.

"రాసివ్వలేను. ల్యాబులో కాలేవీ ఉంటాయి, కోసుకునేవీ ఉంటాయి. ఏది ఎక్కడుందో ముందు చెప్తాను. చెప్పకుండా దేన్నీ ముట్టుకోమనను. అంతవరకే నేను మాట ఇవ్వగలను."

సిరంజి నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"రేపు నేను సుత వస్త" అన్నాడు.

9 జూలై, ఆదివారం

వచ్చాడు. షాపు కట్టేసి, ఇస్త్రీ చొక్కాతో. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

బెంచీ మీద కుడివైపు ఫ్లాస్కు, ఎడమవైపు బీకరు, మధ్యలో ఏమీ లేదు అని అనితకు చెప్పాను. ఎడమచేత్తో సిరంజి పట్టుకుంది. ఒక గాటు, ఆగి ఫ్లాస్కు తిప్పడం, చేత్తో గాలి ముక్కు వైపు విసరడం. మళ్లీ ఒక గాటు. పిల్లలందరూ తమ పనులు ఆపేశారు. తొమ్మిది గాట్లు అయ్యాక అరగాట్లకు మారింది. నేను చెప్పలేదు, తనే మారింది.

"ఒచ్చింది" అంది.

భూలక్ష్మి చప్పట్లు కొట్టింది. మల్లయ్య దగ్గరికి వచ్చి ఫ్లాస్కు వాసన చూసి, "గిదా?" అన్నాడు. "గదే నాయినా" అంది అనిత. ఆయన మళ్లీ వెళ్లి గోడకు ఆనుకున్నాడు.

"మేడం, ఇంటర్ల నేను సైన్స్ తీస్కోవచ్చా?" అనిత అడిగింది. "మా బడిల వద్దంటున్నరు. ప్రాక్టికల్ చెయ్యలేవంటున్నరు."

"ఇప్పుడు నువ్వు చేసిందేమిటి?" అన్నాను.

14 జూలై, శుక్రవారం

అచ్యుతరావు గారు లిస్టు తనే టైపు చేయించి ఉంచారు. రెండు వందల పద్నాలుగు వస్తువులు. అన్నింటి ఎదురుగా ఒకటే మాట: పనికిరానిది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"ఇందులో చాలావరకు పనిచేస్తున్నాయండీ."

"మీరు మరీ అలా పట్టుకుంటే ఎలా? తీసేయాలంటే కాగితం ఉండాలి కదా." గొంతు తగ్గించారు. "మీరు బయటి పిల్లల్ని తెచ్చారు. కళ్లు లేని అమ్మాయికి చెయ్యి కాలిందట. మన కాలేజీ ట్రస్టు వాళ్లకి నేనింకా చెప్పలేదు. మీ మీద గౌరవంతోనే. ఈ సంతకం పెట్టేయండి. ఆగస్టు నుంచి లైబ్రరీ చూసుకుందురు గాని."

లిస్టు ఇంటికి తెచ్చుకున్నాను.

15 జూలై, శనివారం

కాఫీ తాగుతూ లిస్టు మా ఆయన ముందు పెట్టాను. కృష్ణమోహన్ గారు మాసబ్ ట్యాంక్ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మధ్య బతుకుతున్న మనిషి. నిదానంగా చదివారు.

"అరుణా, ఇలాంటివి నేను రోజుకు పది చూస్తాను. ఎవరూ చదవరు. నీకు ఇంకా ఏడేళ్ల సర్వీసుంది."

నిజమే. సంతకం పెట్టేస్తాను. లైబ్రరీ చల్లగా ఉంటుంది. మెట్లు ఎక్కక్కర్లేదు. పిల్లలకు ఇప్పటికే చాలా చూపించాను. సోమవారం పెట్టేస్తాను.

16 జూలై, ఆదివారం

తరగతి అయ్యాక మల్లయ్య అడిగాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తున్నాడు. కడిగిన గాజుసామాను ఆరబెట్టడంలో ఓదెలుకు సాయం చేస్తాడు.

"గీ సామాన్లన్ని ఏడికి పోతయి మేడం?"

"పనికిరానివని తీసేస్తున్నారు."

చేతిలో ఉన్న బ్యూరెట్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. కింద ఉన్న చిన్న కుళాయి తిప్పాడు, మళ్లీ తిప్పాడు.

"గిదానికేమైంది?"

"ఏమీ కాలేదు."

దాన్ని జాగ్రత్తగా స్టాండుకు బిగించాడు.

17 జూలై, సోమవారం

సంతకం పెట్టలేదు.

19 జూలై, బుధవారం

మూడు రోజులుగా ఓదెలు, నేను ఒక్కొక్క వస్తువూ పరీక్షిస్తున్నాం. కాలేజీ అయ్యాక రెండేసి గంటలు. తక్కెళ్లు సరిచూశాం. బర్నర్లు వెలిగించాం. బ్యూరెట్లలో నీళ్లు నింపి కారడం లేదని చూశాం. నూట తొంభై ఒకటి పనిచేస్తున్నాయి. ఇరవై మూడు చేయడం లేదు.

నా చేత్తో కొత్త లిస్టు రాశాను. ముందు పేజీలో జూన్ 25న జరిగింది రాశాను. ముక్కాలిపీట వేడిగా ఉందని నాకు తెలుసని, తడమమన్నది నేనేనని, అమ్మాయి కుడిచేతి నాలుగు వేళ్లు కాలాయని. ఓదెలు చదివి కంగారుపడ్డాడు.

"గిదెందుకు రాస్తరు మేడం? మీ చేతులతోని మీరే వాళ్లకు సాక్ష్యం ఇస్తున్నరు."

"ఇంకెవరూ నాకోసం దాచిపెట్టే పని లేకుండా."

ఒక కాపీ అచ్యుతరావు గారికి. ఒకటి బంజారాహిల్స్‌లో ట్రస్టు సెక్రటరీ గారింట్లో నేనే వెళ్లి ఇచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సెక్కకుండా పంజాగుట్ట దాకా నడిచాను.

20 జూలై

ఏ కబురూ లేదు.

21 జూలై

లేదు.

22 జూలై

మా ఆయన అడిగారు, "భయంగా ఉందా?" అని. లేదన్నాను. ఉంది.

26 జూలై, బుధవారం

అచ్యుతరావు గారు ఈసారి కూర్చోమనలేదు. ట్రస్టు నుంచి ఉత్తరం వచ్చిందట. పనిచేసే సామాను పారేయడానికి వీల్లేదు, ఏదైనా బడికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. మరో పేరా: ల్యాబు లేదు కనుక నా ఉద్యోగం జూలై 31తో ముగుస్తుంది. బయటి పిల్లల భద్రత విషయంలో నా నిర్లక్ష్యాన్ని కూడా నమోదు చేశారు.

"లైబ్రరీ ఇద్దామనుకున్నాను. మీరే చెడగొట్టుకున్నారు" అన్నారు. నిజంగానే బాధపడ్డట్టున్నారు.

"రసీదు శనివారానికల్లా తెస్తానండి" అన్నాను.

ఇంట్లో చెప్పాను. ఆయన, "రసీదులో నూట తొంభై ఒకటి అని అక్షరాల్లో కూడా రాయించు. అంకెలు దిద్దేస్తారు" అన్నారు.

29 జూలై, శనివారం

సర్కారు బడి హెడ్‌మిస్ట్రెస్ ఛాయాదేవి గారు రసీదు మీద సంతకం పెట్టారు. అక్షరాల్లో కూడా. కానీ బడిలో కుళాయి ఉన్న ఖాళీ గది లేదు. వరండాలో పెడితే వారం ఉండవు. ఏం చేయాలా అని నిలబడితే మల్లయ్య కబురు తెచ్చాడు.

"మా దర్జీల సంఘం గది ఉన్నది మేడం, దుకాణాల మీద. నెలకొక్కసారి మీటింగ్ పెట్టుకుంటం, చాయ్ తాగి పోతం. కుళాయి ఉన్నది. సంఘంల మాట్లాడిన. ఒకరిద్దరు గాసుకు భయపడ్తున్రు."

"వాళ్లను కూడా ఆదివారం రమ్మనండి. భయపడేవాళ్లే జాగ్రత్తగా చూస్తారు."

31 జూలై, సోమవారం

రెండు ట్రాలీ ఆటోల్లో సామాను దించాం. గాజు మొత్తం దర్జీ షాపుల గుడ్డపేలికల్లో చుట్టాం. మూడు ఫ్లాస్కులు పగిలాయి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అప్పటికే గోడకు రంగు వేస్తున్నారు. వెనక్కి తిరిగి చూడలేదని రాద్దామనుకున్నాను. చూశాను. రెండుసార్లు.

6 ఆగస్టు

దర్జీలు బట్టలు కత్తిరించే బల్లలు ఇచ్చారు. పిల్లల ఎత్తుకు సరిపోయాయి. ఓదెలు కాలేజీ డ్యూటీ అయ్యాక వచ్చి గొట్టాలు బిగిస్తున్నాడు. నేను బల్లలకు గుర్తులు పెడుతున్నాను. వేడి వస్తువులు ఉండే చోట అంచుకు గరుకు కాగితం అంటించాను. అది తగిలితే చెయ్యి ఆగాలి.

13 ఆగస్టు, ఆదివారం

సంఘం గదిలో మొదటి తరగతి. ఇరవై ఆరుగురు. గోడ పొడవునా ఆరుగురు దర్జీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఆమ్లం నిన్న హడావుడిలో కలిపాను. అందరికీ ఒకే క్షారం, ఒకే ఆమ్లం. మిగతావాళ్లకు ఫినాఫ్తలీన్, బ్యూరెట్. అనితకు ఉల్లిపాయ, సిరంజి. "పది మిల్లీలీటర్ల దగ్గర మారుతుంది, చూసుకోండి" అని ముందే అనేశాను. పద్దెనిమిదేళ్ల అలవాటు. కాలేజీలో రావలసిన అంకె ముందే చెప్పేసేవాళ్లం, పిల్లలు రికార్డులో దింపేసేవాళ్లు.

అరగంటలో అందరూ పది అని రాశారు. బోర్డు మీద పది, పది, పది. అనిత పదకొండున్నర అంది.

"ఎక్కువ పోశావు. వాసన సరిగ్గా పట్టలేదు. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేసింది. పదకొండున్నర. మల్లయ్య గోడ దగ్గర నుంచి కదిలాడు, ఆగాడు.

"ఇంకోసారి."

మూడోసారి ఇంకా నెమ్మదిగా చేసింది. గాట్ల మీద గోరు కదలడం కూడా వినిపించేంత నిశ్శబ్దం. వేళ్ల చివర కొత్త చర్మం ఇంకా లేతగా, ఎర్రగా ఉంది.

"పదకొండున్నరనే మేడం."

"పది రావాలి అనితా."

"ఎంత రావాల్నో మీకెరుక. నాకెంత ఒచ్చిందో చెప్తున్న."

నోటి దాకా వచ్చింది, సరేలే పది వేసుకో అని. ఇంతమంది చూస్తున్నారు, మొదటి రోజు, ఆ పిల్ల చిన్నబోకూడదు అని. ఆ మాట మింగి, బ్యూరెట్ కడిగి, నింపి, నేను చేశాను. పది దగ్గర ఫ్లాస్కు గులాబీ రంగులోనే ఉంది. పదకొండు దగ్గరా ఉంది. పదకొండు పాయింట్ నాలుగు దగ్గర ఒక్క చుక్కకు పోయింది.

ఆమ్లం పలచగా కలిపింది నేనే.

"పది ఎవరికి వచ్చింది?" అని అడిగాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు. భూలక్ష్మి తల దించుకుని, "మీరు పది అన్నరని రాసిన మేడం. నాది ఇంక గులాబిగనే ఉండె" అంది.

బోర్డు మీది పదులన్నీ చెరిపేశాను. ఆమ్లం కలపడంలో తప్పు నాదని, ముందే అంకె చెప్పడం ఇంకో తప్పని, అది కూడా నాదేనని చెప్పాను. బోర్డు మీద మిగిలింది అనిత రీడింగు ఒక్కటే. పిల్లలు నన్ను చూసి, బోర్డును చూసి, ఫ్లాస్కులు కడగడానికి లేచారు.

"నేను సుత మల్ల చెయ్యాల్నా మేడం?"

"నీది అయిపోయింది. వీళ్లు సరిగ్గా చేస్తున్నారో లేదో చూడు."

అన్నాక గానీ ఏ మాట అన్నానో తెలియలేదు. అనిత మాత్రం, "చూస్త మేడం" అని స్టూలు దిగింది. బల్ల అంచు పట్టుకుని, గరుకు కాగితం తగిలిన చోట ఆగి, చుట్టు తిరిగి, ఒక్కొక్కరి దగ్గర చెవి వంచుకుంటూ వెళ్లింది. భూలక్ష్మి బల్ల దగ్గర నిలబడిపోయింది.

"చుక్కలు బిరబిర పడుతున్నయే," అంది. "తొందరేమున్నది? జర మెల్లగ ఇడువు."